నర్సీపట్నం పల్లెకోకిల పురస్కార చరిత్ర

మన నర్సీపట్నంలో ఏటేటా ‘పల్లెకోకిల’ పురస్కారం ఇస్తారని తెలియనివారు ఉంటే, వారికి సంస్కృతి అబ్బలేదని అర్థం. పల్లెపాటలు పాడే స్త్రీలను ఉద్ధరించడానికి కళాసమితివారు కంకణం కట్టుకున్నారు. ఇంతవరకూ విప్పలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాబట్టి తొలి కోకిల సమితి అధ్యక్షులు జగదీశ్వరరావుగారి శ్రీమతే అయ్యారు. ఆమె పాట ఎవరూ వినలేదు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మరుసటి ఏడు వారి కోడలు గౌతమిగారికి దక్కింది. పొలం గట్టు మీద దిగిన ఫొటో ఉందావిడకి, ఇంకేం కావాలి? మూడో ఏడు విశాఖ నుంచి యాంకరమ్మ వచ్చారు. పాట పెన్‌డ్రైవ్ పాడింది, ఆవిడ పెదవులు కదిపారు. న్యాయనిర్ణేతలు కళ్లొత్తుకున్నారు.

ఈ ఏడు గిట్టనివాళ్లెవరో “నిజంగా పాడేవోళ్లకి ఇవ్వరేటి?” అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. పరువు సమస్య వచ్చిపడింది. వెంటనే నాతవరం నుంచి అప్పయమ్మను పిలిపించారు. ఊడ్పుల పాటకు ఆ చుట్టుపక్కల ఆమెది పేరున్న గొంతు. నాట్లకు మెషిన్లు వచ్చాక ఆ గొంతుతో ఎవరికీ పని లేకపోయింది.

“పెరైజు మీకాడే ఉంచుకోండి బాబూ,” అందామె అధ్యక్షులవారితో. “మాయమ్మ నేర్పిన పాట. నా తరవాత పాడేవోళ్లు నేరు. ఓపాలి మొత్తం పాడతాను, రికాటు సేసి మా మనవరాలు బేబికి ఇయ్యండి. సాలు.”

ఊడ్పుల పాటకు ఒక కట్టు ఉంది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. అందుకోకపోతే రెండో వరస రాదు. అందుకే అప్పయమ్మ తనతో నాట్లు వేసిన ఆడవాళ్లను నలుగురిని షేర్ ఆటోలో వెంటబెట్టుకొచ్చింది. కోకిల ఒక్కరే, కాకుల్ని ఎలా రానిస్తారు? పాసుల్లేవని వాళ్లను హాలు బయట మెట్ల మీద కూర్చోబెట్టారు.

“ఈ పాట మన తల్లుల ఊపిరి! మన నరనరానా ప్రవహిస్తోంది!” అని జగదీశ్వరరావుగారు అందరి భోజనాల వేళ దాటేదాకా ప్రసంగించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

అప్పుడు అప్పయమ్మకు మైకిచ్చారు.

“మడిలోన అడుగెట్టె మాలచ్చిమీ...”

ఆగింది. మనం చప్పట్లు కొట్టాం. మళ్లీ అదే వరస పాడి ఆగింది. మనం సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం. “అందుకోండమ్మా,” అని బతిమాలింది. నరనరానా పాట ఉన్నవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. “మర్చిపోయింది పాపం, వయసైపోయింది,” అని అధ్యక్షులవారు జాలిపడ్డారు.

అంతలో హాలు తలుపు తెరుచుకుంది, మెట్ల మీంచి నాలుగు గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి. అప్పయమ్మ మొహం విప్పారింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, మళ్లోకి దిగినట్టే వంగి, రెండో వరస ఎత్తుకుంది.

“ఎవరండీ ఆ గోల? ఏసీ పోతంది, బేగి తలుపెయ్యండి!”

తలుపు వేశారు. రెండో వరస దగ్గరే పాట ఆగిపోయింది. శాలువా కప్పారు.

సమితివారు మాట తప్పేవారు కారు. రికార్డు బేబికి వాట్సాప్‌లో పంపారు. అందులో ప్రసంగం పూర్తిగా ఉంది, పాట మాత్రం రెండు వరసలే. తలుపెయ్యమన్న గొంతు ఎవరిదో తేలలేదు. మీరూ ఓసారి విని చూడండి, మీకు బాగా తెలిసిన గొంతే.