పదహారు కాళ్ళు, ఒక కుక్క

ఆ రోజుకు ఎనిడ్ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే ఎనిమిది మంది నర్తకీమణుల కాళ్ళకు రంగు పూయాలి, రెండింటికల్లా పాట చిత్రీకరణ ముగియాలి, నాలుగింటికి తను స్టేషనులో ఉండాలి. సిరిల్ ఎక్కిన సైనికుల రైలు అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతుంది. అతని ముఖం చూసి పదకొండు నెలలైంది. పెళ్ళి చేసుకుంటావా అని అతను రాసిన ఉత్తరానికి ఎదురుగా నిలబడే జవాబు చెప్పాలని ఆమె పంతం. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ దృశ్యమే కళ్ళముందు ఆడింది: తెల్లటి ఆవిరి, ఎక్కడి నుంచో వయొలిన్లు, రైలుపెట్టె తలుపు దగ్గర సిరిల్. సినిమా మేకప్ గదిలో మూడేళ్ళు పనిచేస్తే కలలకు కూడా నేపథ్య సంగీతం వచ్చేస్తుంది.

యుద్ధం వచ్చాక పట్టు మేజోళ్ళు కరువైపోయాయి. ఆడవాళ్ళు కాళ్ళకు గోధుమరంగు పూసుకుని, వెనక మేజోళ్ళ కుట్టు ఉన్నట్టు కనుబొమల పెన్సిలుతో గీత గీసుకుని సరిపెట్టుకునేవారు. సినిమాలోనూ అదే ఏర్పాటు. తీరా ఆ పొద్దున చూస్తే రంగు సీసా ఖాళీ. ఎనిడ్ తడుముకోకుండా క్యాంటీను వంటగదికి వెళ్ళి, మాంసం పులుసుకు రంగు తెచ్చే పొడి డబ్బా పట్టుకొచ్చింది. శనివారం డాన్సులకు వెళ్ళేటప్పుడు తనూ అదే పూసుకునేది. నీళ్ళలో కలిపి పూస్తే పదహారు కాళ్ళూ ధగధగలాడాయి. కాకపోతే డాన్సు హాల్లోకి కుక్కల్ని రానివ్వరు. ఈ సినిమాలో కుక్క ఉంది.

బార్నబీ అనే ఆ తెల్లకుక్క ప్రేమలేఖ నోట కరుచుకుని, మెట్ల మీద వరసగా నిలబడ్డ నర్తకుల మధ్య నుంచి వెళ్ళి, పైనున్న కథానాయికకు అందించాలి. నీలి వెలుగు పరుచుకుంది, అట్టముక్క చందమామ పైకి లేచింది, రికార్డులోంచి పాట మొదలైంది. ఎనిడ్ అప్పుడే సగం స్టేషనులో ఉంది. బార్నబీ మూడో మెట్టు దాకా బుద్ధిగా ఎక్కి, ఆగి, వాసన చూసి, ఉత్తరం వదిలేసి మావిస్ అనే నర్తకి పిక్కను నాకింది. పాపం, యుద్ధకాలపు రేషనులో దానికా మాంసం వాసన తగిలి ఎన్నేళ్ళయిందో. మావిస్ కిసుక్కున నవ్వింది.

తన పాటను చూసే నవ్విందనుకున్నాడు దర్శకుడు ట్రెంచర్డ్. కుక్క నాకుతోందని ఆమె చెప్పినా వినలేదు. రెండోసారి పక్కమ్మాయి గెంతింది. నాకిన చోటల్లా కాలు తెల్లబడుతుంటే ఎనిడ్ పరుగున వెళ్ళి మళ్ళీ పూసింది. ఎంత పూస్తే అంత నాకింది. కుక్కకు ఆకలేమోనని ట్రెంచర్డ్ బిస్కెట్లు తెప్పించాడు, అది కన్నెత్తి చూడలేదు. దానికి మావిస్ మీద మనసు పడిందన్నాడు దాన్ని ఆడించేవాడు. మావిస్‌ను పై మెట్టుకు మారిస్తే, అది దారిలో ఏ కాలినీ వదలకుండా పైకి చేరింది. ప్రేమలేఖ తడిసి ముద్దయితే మూడుసార్లు కొత్తగా రాయించారు.

సంగతి ఎనిడ్‌కు ఎప్పుడో అర్థమైంది. చెబితే పదహారు కాళ్ళూ కడగాలి, నాలుగు దాటిపోతుంది. ఈసారి సరిగ్గా వస్తుందేమోనని గడియారం చూస్తూ నోరు మూసుకుంది. మూడున్నరకు ట్రెంచర్డ్ విసిగిపోయి, కుక్క మతి పోగొట్టింది ఆమేనంటూ, రేపటి నుంచి మావిస్ రానక్కర్లేదన్నాడు. ఇక ఎనిడ్ వల్ల కాలేదు.

"తప్పు మావిస్‌ది కాదండీ. కాళ్ళకున్నది పులుసు పొడి. పూసింది నేను."

ట్రెంచర్డ్ చాలాసేపు చందమామ వంక చూశాడు. "అయితే పొద్దుటి నుంచీ నేను ఎనిమిది కూరగిన్నెల చేత డాన్సు చేయిస్తున్నానన్నమాట."

కాళ్ళు కడిగించి, నేలదాకా జీరాడే లంగాలు వెతికి తొడిగించి, పాట ముగించేసరికి అయిదుంబావు. ఎనిడ్ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

"నా సైకిలు తీసుకుపోవే," అంది మావిస్. "ఏడుపంటావా, తొక్కుతూ కూడా ఏడవొచ్చు."

చేతులు కడుక్కోవడం కూడా తోచక ఎనిడ్ బయలుదేరింది. ఆ చేతుల వాసన పట్టుకుని వెనకాలే బార్నబీ పరుగెత్తుకొస్తున్న సంగతి ఆమె చూడనేలేదు. స్టేషనులో జనం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. రైలింకా రాలేదు. సైనికుల రైలు వేళకు వస్తుందని నమ్మింది ఆ ఊరు మొత్తం మీద ఎనిడ్ ఒక్కతే.

రైలు ఆరింటికి వచ్చింది. ఆవిరి ఉంది, వయొలిన్లు లేవు, ఎవరో దగ్గుతున్నారు. సిరిల్ చిక్కిపోయాడు. ఆమె చేతులు రెండూ పట్టుకుని వాసన చూశాడు.

"ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ వంటింటి వాసనే, ఎనిడ్."

"చేసుకుంటాను," అంది ఆమె.

"ఏమిటి, వంటా?"

"నిన్నే. ఉత్తరం రాశావుగా."

అతను ఆ అరచేతుల్ని తన చెంపలకు ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. ఇరవై నిమిషాలూ అలాగే గడిచాయి. ఎనిడ్ బతుకులో అంత హాయి ఇదివరకెన్నడూ ఎరగదు. రైలు కదిలి వెళుతుంటే చేయి ఊపుతూ నిలబడింది. కిటికీలో సిరిల్, గోధుమరంగు అంటిన అతని చెంపలు, పక్కనే ఆ చెంపల్ని తీరుబడిగా నాకుతున్న తెల్లని మూతి ఒకటి కనిపించాయి.

మర్నాడు స్టూడియో గేటు దగ్గర బోర్డు మీద, నటుల్లో ఒకరు యుద్ధానికి వెళ్ళినందున ఈ రోజు చిత్రీకరణ లేదని రాసి ఉంది.