మొదటి రకం చేదు

ఉద్దానం ప్రాంతంలోని అక్కుపల్లి తీరాన కొత్తగా కట్టిన సాగరకుసుమ రిసార్టు ప్రారంభోత్సవానికి ముందు పూర్తి చేయవలసిన పనుల జాబితాను చైర్మన్ కూర్మనాథం గారు సంతకం చేసి వంటగది తలుపుకు అంటింపజేశారు. ఒకటి, గేటుకు బంగారు రంగు. రెండు, సముద్రం కనబడేలా సరుగుడు చెట్లు కొట్టించుట. మూడు, నీడ లేదని అతిథులు అనకుండా గొడుగులు పాతించుట. నాలుగు, ఎండుచేపల వాసన ఆ రోజు ఇటు రాకుండా గాలికి తగిన ఏర్పాటు. ఐదు, శిలాఫలకం. ఆరు, దాని మీద పరదా. ఏడు, చేదు ఎంపిక. ఎనిమిది, గేటు బయట ఊరివాళ్లకు మంచినీళ్ల కుళాయి.

ఏడో పని బారు ఇన్‌ఛార్జి ఎడ్విన్‌ది. ఎనిమిదోది ఎవరిదీ కాదు. ఎడ్విన్ పదిసార్లు అడిగితే చైర్మన్ గారు పెద్ద మనసు చేసుకుని చివర్లో రాయించారు.

"ఏడు బాగా సెయ్యరా నాయినా. ఎనిమిది నాను సూసుకుంతాను" అని మాట కూడా ఇచ్చారు.

ఎడ్విన్‌ది గేటుకు ఎదురుగా కనబడే ఊరే. వాళ్లింట్లో కాలేజీ మెట్టెక్కినవాడు అతనొక్కడే. తల్లి లీలమ్మ వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తుంది. ఆ పొద్దుటి బస్సులో ఎవరి సీటు ఎవరిదో కండక్టరుకు కంఠతా వచ్చు. ఊరూరా ఉన్న ఈ కిడ్నీ జబ్బుకు అసలు కారణమేమిటో పెద్దలు ఇంకా తేల్చలేదు గనక, తేలేదాకా బోరునీళ్లను అనుమానించరాదని సభల్లో చెబుతుంటారు. చెప్పి, సీసా నీళ్లు తాగుతారు. రిసార్టులో నీళ్లు శుద్ధి చేసే పెద్ద యంత్రమే ఉంది. ఆ నీళ్లతో ఈతకొలను నింపారు.

ఇక చేదు సంగతి. కాక్‌టెయిల్‌లో కలిపే ఈ చేదును బిట్టర్స్ అంటారు. చేదు వేర్లు, బెరళ్లు, నారింజ తొక్క, లవంగాలు, దాల్చినచెక్క ఘాటైన మద్యంలో నానబెట్టి వడకట్టిన అర్కు అది. ముదురు రంగు మద్యానికి లవంగం, దాల్చిన వాసన గలది నప్పుతుంది. తేలికపాటిదానికి నారింజ వాసనది. కొనేముందు సోడాలో రెండు చుక్కలు వేసి, ముక్కుతో ఒకసారి, నాలుకతో ఒకసారి చూడాలి. పులుసు దించే ముందూ, కేకు పిండిలోనూ రెండు చుక్కలు పడితే రుచి లేస్తుంది. అంతకు మించితే వంట మందవుతుంది. ఇదంతా ఎడ్విన్ విశాఖలో హోటలు కాలేజీలో చదువుకున్నాడు. బాప్టిస్టు సంఘం బిడ్డ గనక నోట్లో వేసుకున్నది వేసుకున్నట్టే ఉమ్మేసేవాడు. మొత్తం కాలేజీలో స్పృహతో పరీక్ష రాసినవాడు అతనేనని పేరు.

తెప్పించిన సీసా అరచేతిలో ఇమిడింది. చైర్మన్ గారు ముప్పై ఏళ్లుగా జీడిపప్పు వ్యాపారి. సీసాను వెలుతురుకు పట్టి చూశారు.

"శాంపిలు బాగున్నాది. సరుకేదిరా?"

"ఇదే సరుకండి. చుక్కల్లో వాడాలి."

"మరి గ్రేడు? పప్పుకున్నట్టు, నిండు గుండా, సగం బద్దా, ముక్కా? గ్రేడు నేకుండా కూర్మనాథం ఏ సరుకూ దింపుకోడు."

మర్నాడు జీడి ఫ్యాక్టరీ నుంచి పప్పు ఏరే ఆడవాళ్లు ఆరుగురు దిగారు. ఒక్కొక్కరి నాలుక మీద ఒక్కో చుక్క. అందరిలో అనుభవజ్ఞురాలు సింహాచలమ్మ మొహం ముడిచి, "సేదు సేదేనండి బావూ. గుండో బద్దో నానేటి సెప్పగలను?" అంది. "చేదు చేదేనని నిపుణుల సంఘం ఏకగ్రీవంగా ధ్రువీకరించినది" అని నివేదిక తయారైంది.

వంటలోనూ వాడి, చైర్మన్ గారితో సహా నలభై మంది పెద్దలకు ముందుగా రుచి చూపాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. వంటమనిషి పెంటయ్యకు ఎడ్విన్ రెండు చుక్కలని మరీమరీ చెప్పాడు.

"నలభై మందికి రెండు సుక్కలేటి బావా? దిష్టి తీత్తన్నామేటి?" అంటూ పెంటయ్య సీసా మొత్తం వంజరం చేపల పులుసులో బోర్లించాడు. మొదటి ముద్దకే చైర్మన్ గారు "అద్భుతం" అన్నారు. దాంతో నలభై మందికీ రెండోసారి వడ్డించుకోక తప్పలేదు.

సీసా ఖాళీ. గడువు మూడు రోజులు. ఎడ్విన్ ఇంటికి పరిగెత్తాడు.

"డబ్బున్నోలికి సేదు కూడా కరువైపోనాదేట్రా?" అంది లీలమ్మ. నేలవేము, కరక్కాయ, శొంఠి, లవంగం, ఎండిన కమలా తొక్క: ఆమె తల్లి బాలింతలకు కాచిన మందు. డబ్బాలు దింపుతూనే షరతు పెట్టింది. "నాను కాసి ఇత్తాను. సారాయి నువ్వక్కడే కలుపుకో. అది నా గుమ్మం తొక్కినాదంటే పాస్టరుగారు నా పేరున ఉపవాస ప్రార్థన ఎట్టేత్తారు."

ఎసరు పెట్టాక అడిగింది. "కులాయి ఏత్తారు కదరా?"

"రాసినారమ్మా."

"రాసినారా, ఏసినారా?"

ఎడ్విన్ పొయ్యిలో కొబ్బరి మట్ట ఎగదోశాడు.

ప్రారంభోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక రుచుల నిపుణుడు విచ్చేశారు. జీడిమామిడి పండు రసంతో చేసిన కాక్‌టెయిల్‌లో రెండు చుక్కలు, వంజరం వేపుడు మీద రెండు చుక్కలు పడ్డాయి. నిపుణుడు కళ్లు మూసుకున్నారు. సభ కూడా మూసుకుంది.

"మొదట కమలా. తర్వాత అడవి. ఆఖర్న నాలుక అంచున ఒక ఉప్పదనం, ఒక ఇనుము... ఇది ప్రపంచంలో ఎక్కడా లేదు! ఏమిటది?"

చదువుకున్నవాడు గనక ఎడ్విన్ నిజం చెప్పాడు. "మా ఊరి బోరునీళ్లండి."

నిపుణుడి కళ్లు చెమర్చాయి. చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! ఇన్నాళ్లూ ఉద్దానం ప్రపంచానికి జీడిపప్పునిచ్చింది. నేటి నుంచి చేదునిస్తుంది. ఇది మొదటి రకం చేదు! గుండు! ఈ రుచికి మూలమైన నీటిని ప్రాణాలిచ్చి అయినా కాపాడుకుందాం!"

చప్పట్ల మధ్యనే తీర్మానం రాశారు. శుద్ధి చేసిన నీరు గ్రామంలోకి వచ్చినచో ఆడవారు ఆ నీటితోనే కషాయం కాచే ప్రమాదమున్నది గనుక, అపూర్వమైన రుచికి భంగం వాటిల్లునని భావించి, ఎనిమిదో పనిని కొట్టివేయడమైనది.

ఎడ్విన్ వేదిక పక్కకు వెళ్లాడు. "సార్, కషాయానికి బోరునీళ్లే వాడదాం. తాగడానికి కుళాయి వేద్దాం."

"మంచి ఆలోచన" అన్నారు చైర్మన్ గారు భుజం తట్టి. "కమిటీకి ఎట్టు." కమిటీ వేయవలసి ఉంది.

వారం తిరక్కుండా బోరు చుట్టూ కంచె వేసి బంగారు రంగు పూశారు. "రుచి సంరక్షణ ప్రాంతం" అని బోర్డు పెట్టారు. తాగేవాళ్లు ఇబ్బంది పడకుండా కంచెకు చిన్న తలుపు వదిలారు. ఎడ్విన్‌ను ముఖ్య చేదు అధికారిని చేశారు. సీసా మీద బొమ్మ వేయించారు: చంకలో నిండుబిందెతో నవ్వుతున్న పడుచుపిల్ల.

పలాస వెళ్లే రోజు పొద్దున లీలమ్మ బస్సు కోసం గేటు ముందు నిలబడి ఆ పక్కా ఈ పక్కా చూసింది.

"ఎనిమిది ఏటయినాదిరా?"

"కొట్టేసినారమ్మా."

"అయితే ఏడు బాగా సేసినావన్నమాట" అని బస్సెక్కి తన సీట్లో కూర్చుంది.

ఇప్పుడు ఆ సీసా పెద్ద ఊళ్లన్నిటా దొరుకుతోంది. ఎంచుకోవడం మీకు తెలుసు: సోడాలో రెండు చుక్కలు, ముందు ముక్కు, తర్వాత నాలుక. చివర్న ఉప్పదనం తగిలితే అసలు సరుకే. కళ్లు మూసుకుని "ఆహా, నేల రుచి" అనండి, తప్పులేదు. అన్నాక ఒక్క క్షణం లీలమ్మను తలుచుకోండి. రోజుకు ఇన్ని నీళ్లేనని డాక్టరు కొలత పెట్టిన మనిషి. ఆ కొలతైనా మంచినీళ్లు కావాలని అడిగింది. ఆ బోరునీళ్లనే తను కూడా మీలాగే నాలుక మీద చుక్క చుక్కగానే వేసుకుంటుంది.