సాంతా ఇనేస్ గుర్తింపు ఫైలు

సముద్రం అడుగు నుంచి పైకి తీసిన స్పెయిన్ వారి వెండి సరుకు ఓడతో పాటు దాని కెప్టెన్ కూడా ప్రాణాలతో రావడం వల్ల నీలిరేవు నౌకా గుర్తింపు కార్యాలయంలో పని కాస్త పెరిగింది. మునిగి మూడు వందల ఏళ్ళయినా దోన్ గాస్పర్ ఆరోగ్యంగానే ఉన్నాడు. అన్నేళ్ళూ ఈ తీరపు వలల కిందే ఉండడంతో జాలర్ల తెలుగు శుభ్రంగా పట్టుబడింది. రోజూ పదిన్నరకల్లా వచ్చి సీనియర్ అసిస్టెంట్ దమయంతి బల్ల ముందు కూర్చునేవాడు. ఒంటి నుంచి నీళ్ళు కారుతుంటాయని ఆమె కుర్చీ కింద గోనెపట్టా వేయించింది.

పేచీ ఓడ పేరు దగ్గర వచ్చింది. అది తమ రాజుగారి ఓడ సాంతా ఇనేసేనని, అందులోని వెండి అంతా తమదేనని స్పెయిన్ ప్రభుత్వం రాసింది. కాదు, దాని పేరు సాన్ బ్రూనో, అది ఒక వర్తకుడి ఓడ అని దాన్ని పైకి తీసిన కంపెనీ వాదించింది. ఆ వర్తకుడికి వారసులు లేరు కనుక వెండి పైకి తీసినవాళ్ళదే అవుతుంది. ఇరుపక్షాల నిపుణులు చెరో నాలుగు వందల పేజీలు దాఖలు చేశారు. ఓడ పేరు చెక్కిన గంట మాత్రం ఎక్కడా దొరకలేదు.

"నా ఓడ పేరు నాకు తెల్దేటమ్మా?" అన్నాడు గాస్పర్. "సాంతా ఇనేసే. నాతోటి నూట తొంబై మంది ములిగిపోనారు. ఆళ్ళ పేర్లు ఒక్కోటీ సెప్పగల్ను."

చెప్పాడు కూడా. దమయంతి భోజనం మానేసి అన్నీ రాసుకుంది. వంటవాడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ మనిషి అబద్ధమాడడం లేదని ఆమెకు రూఢి అయింది. ఆ మాటే ఫైలులో రాసి, పేర్ల జాబితా జతపరిచి, ధైర్యంగా సంతకం పెట్టింది.

విచారణ రోజున కంపెనీ వకీలు లేచాడు. "ఈయన సాక్షి కాదండీ, ఓడలో దొరికిన వస్తువు. మా జాబితాలో నాలుగు వందల పన్నెండో నంబరు. ఫిరంగికీ జాడీకీ మధ్యన ఉన్నాడు. వస్తువు వాంగ్మూలం చెల్లదు."

స్పెయిన్ వకీలు అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళ దస్తావేజుల్లో సాంతా ఇనేస్ కెప్టెన్ చనిపోయాడు. బతికున్న కెప్టెన్ వాళ్ళ కేసుకే చేటు.

"ఆయన చెప్పేది నిజం సార్," అంది దమయంతి.

"నిజమే కావచ్చమ్మా," అన్నాడు విచారణ జరుపుతున్న కమిషనర్ నెమ్మదిగా. "కానీ ఇరుపక్షాల్లో ఎవరూ ఆయన వాంగ్మూలాన్ని దాఖలు చేయలేదు కదా."

మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. వెండి చెరిసగం. ఎవరి మాటా పోకుండా ఓడకు సాంతా బ్రూనో అని పేరు ఖరారు చేశారు. అలాంటి ఓడ ఏనాడూ లేదు. కార్యాలయం లెక్కలో సాంతా ఇనేస్ దొరకలేదు కనుక ఆ నూట తొంభై మందీ ఇంకా ప్రయాణంలోనే ఉన్నట్టు నమోదైంది. ఓడ పేరును బట్టి కెప్టెన్‌కు గుర్తింపు కార్డు వచ్చింది: దోన్ బ్రూనో.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాను కాదమ్మా."

దమయంతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నా పేరూ దమయంతి కాదండీ. సత్యవేణి. ఉద్యోగం ఆర్డరులో తప్పు పడింది. దిద్దించుకుందామని ఆరేళ్ళు తిరిగాను. ఇప్పుడు ఇంట్లో మా ఆయన కూడా దమయంతీ అనే పిలుస్తారు. బజార్లో ఎవరైనా సత్యవేణీ అని కేకేస్తే నేను పలకను."

"అలవాటుకి ఎన్నాళ్ళు పట్టిందమ్మా?"

"అంత ఎక్కువేం పట్టదండీ," అని ఆమె రిజిస్టరు తెరిచింది. "దోన్ బ్రూనో గారూ!"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"వొచ్చినానమ్మా," అన్నాడు.