భోజన్న లేనిదే లేవని విమానం

ఆ ఆదివారం ఉదయానికి భోజన్న వేసుకున్న పథకం చిన్నదే. భార్య అనుసూయాబాయి పొయ్యి రాజేసేలోగా మొదటి బస్సెక్కి నాందేడ్ పోవాలి, యుద్ధంలో తిరిగిన పాత విమానాల ప్రదర్శన కళ్లారా చూడాలి, పొద్దుగూకేసరికి ఏమీ ఎరగనట్టు తన ఊరు మర్ఖేల్‌లో దిగాలి. ఒక్కడే పోవాలి. పథకంలో ముఖ్యమైన ముక్క అదే.

ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లయినా ఊళ్లో భోజన్న పరువు ఆ యుద్ధం మీదే నడుస్తోంది. పడుచు వయసులో ఆయన సికింద్రాబాద్ దగ్గర విమానాల క్యాంపులో మూడేళ్లు పనిచేశాడు. తిరిగొచ్చాక, "నేను లేకుంటె ఆడ ఒక్క ఇమానం సుత లేవకపోతుండె" అని ఒకే ఒక్క మాట అన్నాడు. మిగతాది ఊరే అల్లుకుని ఆయన్ని పైలట్‌ను చేసింది. ఆయన అవుననలేదు, కాదనీ అనలేదు. అందులో లాభం ఉంది మరి. జొన్న చేను మీద పిట్టలు వాలే కాలంలో మంచె ఎక్కి కాపలా కాయమని భార్య అడిగినప్పుడల్లా, "ఇమానాల కాడ పనిచేసినోణ్ని, పిట్టలు తోలాల్నా?" అని మీసం తిప్పేవాడు. పాతికేళ్లుగా ఆ మంచె ఎక్కేది అనుసూయాబాయే. ఇప్పుడు ఊరంతా వెంట వచ్చి, అక్కడెవడైనా పాత మనిషి గుర్తుపట్టాడా, పరువూ పోతుంది, నీడపట్టున కూర్చునే భాగ్యమూ పోతుంది.

చెప్పులు చేతపట్టుకుని, చప్పుడు కాకుండా ఇల్లు దాటి బస్సు ఆగే చోటికి వచ్చేసరికి సగం ఊరు అక్కడే ఉంది. అందరికంటే ముందు అనుసూయాబాయి, నెత్తిన గంపతో.

"ఏమయ్యా, నీ ఇమానం అస్తున్నదని నాకు జెప్పకుండనే పోతున్నవా?"

"ఆ గంపల ఏందే?" అన్నాడు భోజన్న నీరసంగా.

"కొబ్బరికాయలు, ముర్మురాలు, బెల్లం. ట్రాక్టరు కొంటె పూజ జేస్తం, మోటరు బిగిస్తె పూజ జేస్తం. నీకు అన్నం బెట్టిన ఇమానానికి జెయ్యద్దా?"

పక్కనే ఉన్న కిషన్‌రావు పటేల్ భుజం తట్టాడు. "భోజన్నా, నీ పేరు జెప్పుకొని ఇయ్యాల ముందట వరసల కూసుంటం."

అన్నంత పనీ చేశాడు. నాందేడ్‌లో విమానాలు దిగే మైదానానికి చేరగానే, గేటు దగ్గర నిలబడ్డ కార్యకర్త చెవిలో "హా ఆమ్చా పైలట్ ఆహే!" అని, ఈయన మా పైలట్ అని మరాఠీలో ఊదాడు. ఆ మాట కార్యకర్త నుంచి నిర్వాహకుడికీ, నిర్వాహకుడి నుంచి మైకుకీ చేరింది. భోజన్న గుక్క తిప్పుకునేలోగా మెడలో దండ పడింది. తెల్ల మీసాల కెప్టెన్ ఒకాయన వచ్చి చేయి పట్టి ఊపి, ఏ విమానం మీద పనిచేశావని హిందీలో అడిగాడు.

"ఆప్ కౌన్‌సే జహాజ్ పర్ థే?"

"సబ్ పర్, సాబ్" అన్నాడు భోజన్న. అన్నిటి మీదా అనడం అబద్ధం కాదు గనుక తడుముకోలేదు.

కెప్టెన్ పొంగిపోయాడు. తన రెండు వరసల రెక్కల విమానంలో ముందు సీటు ఖాళీగా ఉంది, పాత మిత్రుడు తనతో ఎగరాల్సిందే అన్నాడు. నలుగురు పట్టి ఎక్కించి, తలపాగా తీసి ఒళ్లో పెట్టి, నెత్తికి తోలు టోపీ తొడిగారు. మంచె కూడా ఎక్కని మనిషి విమానం ఎక్కి కూర్చున్నాడు. నిజం చెప్పి దిగిపోదామా అంటే ఎదురుగా ఊరు ఊరంతా చప్పట్లు కొడుతోంది.

పెనిమిటి గాల్లోకి పోతున్నాడంటే అనుసూయాబాయి ఊరుకుంటుందా? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, విమానం ముక్కుకు కుంకుమ దిద్దింది, కాయ కొట్టింది. ఆమెను చూసి ఊరి ఆడవాళ్లలో జనాబాయి ఒకటి, లచ్చవ్వ ఒకటి, చూస్తుండగానే ఇరవై ఆరు కాయలు పగిలాయి. మరమరాలూ బెల్లమూ విమానం పరుగెత్తే బాట పొడుగునా చల్లారు. పూజ వద్దనడానికి ఏ అధికారికీ నోరు రాలేదు.

మొదట ఒక కాకి వచ్చింది. అది తన బలగాన్ని పిలిచింది. పైన గద్దలు చక్కర్లు కొట్టాయి, కింద ఊరకుక్కలు కొబ్బరి చిప్పల కోసం కలబడ్డాయి. కార్యకర్తలు కర్రలు పట్టుకుని ఉరికితే, ఇటు తోలినవి అటు వాలాయి. కెప్టెన్ అప్పుడే స్టార్ట్ చేసిన ఇంజన్ ఆపేశాడు. ఒక్క పిట్ట తగిలినా విమానం కూలుతుందనీ, ఇక ప్రదర్శన రద్దేననీ తలపట్టుకున్నాడు. తన పూజే కొంప ముంచిందని అనుసూయాబాయి ముఖం పాలిపోయింది.

ఆ ముఖం చూశాక భోజన్న ఉండలేకపోయాడు. టోపీ విసిరేసి కిందికి దూకాడు. ఒళ్లోని తలపాగాను మడిచి వడిసెల చేశాడు. కొబ్బరి చిప్పలు ఏరి, అందులో పెట్టి గిరగిరా తిప్పి, "హో... హోయ్!" అంటూ మైదానం అవతలి కంచె దాటించాడు. ఒకటి, రెండు, పది. తిండి ఎటు పోతే కాకులూ గద్దలూ కుక్కలూ అటే పోయాయి. వెనకే కార్యకర్తలు మరమరాలు ఊడ్చేశారు, పావుగంటలో బాట అద్దంలా తేలింది. కెప్టెన్ ఒక్కడే లేచి, ఆకాశంలో మూడు పల్టీలు కొట్టి దిగాడు.

"యే కహాఁ సీఖా?" అని, ఇది ఎక్కడ నేర్చావని దిగుతూనే అడిగాడు.

భోజన్న తల దించుకున్నాడు. చెప్పేది ఊరికి కూడా అర్థం కావాలని తెలుగులోనే చెప్పాడు. "నేను పైలట్‌ను గాను. క్యాంపుల నా డ్యూటీ గిదే. పొద్దుగాల్నుంచి మాపటిదాంక పిట్టలు తోలుడు."

కిషన్‌రావు పటేల్ నోరు తెరిచాడు. ఎవరో హిందీలో చెప్పగా విన్న కెప్టెన్ మాత్రం అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. అలాంటివాడు లేకపోతే ఏ క్యాంపులోనూ ఒక్క విమానం లేచేది కాదన్నాడు.

"గదే గదా, ముప్పై ఏండ్ల సంది నేననేది!" అన్నాడు భోజన్న. గుండె మీది బండ దిగిపోయింది. పరువు దక్కడమే కాదు, శాలువా కూడా దక్కింది.

తిరుగు బస్సు నాయ్‌గావ్ దాటింది. అనుసూయాబాయి మెల్లగా అడిగింది. "అన్ని పిట్టల తోలినవు గదా, ఒక్కటి సుత తప్పకపోతుండెనా?"

"తప్పితె ఇమానం పడదా?" అని భోజన్న రొమ్ము విరిచాడు. "నా అసొంటోడు మల్ల దొరుకుతడా!"

"దొరకడు" అని ఆమె శాలువా సర్ది కప్పింది. "మన జొన్న పాలకచ్చింది, పిట్టలు వాలుతున్నయి."

మరునాడు పొద్దు పొడిచేసరికి భోజన్న జన్మలో మొదటిసారి నేల విడిచి గాల్లో ఉన్నాడు, మంచె మీద.