కింద పడినా విరగని బండి

ఆ పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తన కళ్ళజోళ్ళ షాపు తెరిచేలోగా ఒక ఫోను చేసి, ఒక బండికి ఆర్డరిచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగేసి వెళ్ళిపోవాలి. ఇంత చిన్న పథకాన్ని పాడుచేసుకోవాలంటే మనిషికి ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి. అది ఆయనకు పుష్కలంగా ఉంది.

బండి అంటే మనుషులెక్కే బండి కాదు. మూరెడు పొడవుండే రేసు బగ్గీ. బ్యాటరీతో నడుస్తుంది, రిమోట్ పట్టుకుని దూరం నుంచి నడుపుతారు. వీధి చివర పార్కు వెనక ఉన్న మట్టి ట్రాకు మీద, జుట్టు నెరిసినా బుద్ధి నెరవని పెద్దమనుషులు కొందరు వీటితో పోటీలు పెట్టుకుంటారు. పోయిన పోటీలో ఈయన బగ్గీ మొదటి గెంతుకే ముందు చెయ్యి విరిగి బోర్లా పడింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ముక్కని వాళ్ళు అలాగే అంటారు, ముందు చెయ్యి అని. అది విరిగినందుకు ఆయన అంతగా బాధపడలేదు. ఆ ముక్కల్ని అదే పోటీలో ఉన్న బావమరిది ఏరి, చేతిరుమాల్లో మూటగట్టి, "ధైర్యంగా ఉండు బావా" అంటూ అందరి ముందూ చేతిలో పెట్టాడు చూడండి, అదీ ఆయన మింగలేకపోయింది. ఈ ఆదివారం జరిగే పోటీలో గెలవకపోయినా సరే, బండి మాత్రం విరగకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

చిక్కల్లా భార్యతో. "ఇంకో బొమ్మ బండి ఈ ఇంట్లోకొస్తే నేను బయటికెళ్తా" అని ఆవిడ అప్పుడే చెప్పేసింది. అందుకని ఆయన ఫోను చెయ్యడానికి పెరటి గుమ్మం ఎంచుకున్నాడు. ఆ గుమ్మం పక్కనే అత్తగారి గది కిటికీ ఉందన్న సంగతి, ఇల్లు కట్టిన మేస్త్రీకైతే గుర్తుండేదేమో, ఈయనకు గుర్తులేదు.

కొన్ని నెలల కిందట అత్తగారు స్నానాల గదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కుంది గానీ, ఆ దెబ్బకి మోకాళ్ళు మొరాయించాయి. అప్పట్నుంచీ గేటు దాటలేదు. రోజూ సాయంత్రం పార్కులో కూర్చుని వచ్చే మనిషి, ఇప్పుడు "పార్కులో ఆ పసుపు పూల చెట్టు పూసిందా?" అని వచ్చినవాళ్ళనల్లా అడుగుతోంది. మోకాళ్ళు పోయినా చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

"బ్యాటరీ బండేనండీ. బాగా గట్టిది కావాలి" అంటున్నాడు అల్లుడు కిటికీ అవతల. "పడటం మామూలే కదండీ. పోయినసారి పడ్డప్పుడు ముందు చెయ్యి విరిగింది... నీళ్ళు పడ్డా, బురదలో దిగినా ఆగకూడదు. రంగూ హంగూ ఎలా ఉన్నా పర్లేదు. ఆదివారం పొద్దునకల్లా రావాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదండీ, గుట్టుగా ఉంచండి."

ముందు చెయ్యి విరిగింది! నిజమే, ముందు చెయ్యే విరిగింది, ఆ తర్వాతే మోకాళ్ళు పోయాయి. అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళుగా ఈ అల్లుణ్ణి మనసులో ఎన్నెన్ని అనుకుందో అవన్నీ గుర్తొచ్చి, సిగ్గుపడి, కూతుర్ని కేకేసింది.

"మీ ఆయన నాకు బ్యాటరీ కుర్చీ బండి కొంటున్నాడే! ఎవరికీ చెప్పొద్దంటున్నాడు పిచ్చి నాన్న!"

"ఆయనా?" అంది కూతురు. కుళాయి కట్టెయ్యడం కూడా గుర్తుండని మనిషి తన తల్లి మోకాళ్ళని గుర్తుపెట్టుకున్నాడంటే నమ్మడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. నమ్మాక మాత్రం పూర్తిగా నమ్మింది. అడక్కుండానే రెండో కాఫీ తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"అమ్మ అంతా విన్నదండీ. మీరు బండి కొంటున్నారు."

ఆయనకి కాఫీ గొంతులో అడ్డంపడింది. "అదీ... అంటే..."

"ఏం చెప్పొద్దు. కొనండి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోయాను."

"కోపం లేదా?"

"ఇలాంటి మనసున్న మనిషి మీద కోపమేంటండీ!" అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళింది.

కళ్ళజోళ్ళాయన బుర్ర గిర్రున తిరిగింది. బగ్గీ పోటీల్లో భార్యకి ఇంత మనసు కనిపించిందేమిటి? ఆ అయోమయంలోనే షాపుకెళ్ళి, ఒకాయన జోడులో కుడి అద్దం ఎడమకీ, ఎడమ అద్దం కుడికీ బిగించాడు. ఆ జోడు పెట్టుకున్నాయన గడప దిగబోయి గోడతో మాట్లాడి, వెనక్కొచ్చి దెబ్బలాడి వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు పక్కింటి వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని మేకులు దిగ్గొడుతున్నాడు. మెట్ల మీద ఏటవాలుగా ఒక చెక్క ర్యాంపు.

"మీ బండి కోసమేనండీ" అన్నాడు వడ్రంగి నవ్వుతూ. "అమ్మగారు చెప్పారు."

కళ్ళజోళ్ళాయనకి గుండె నిండిపోయింది. సాధన చేసుకోవడానికి ఇంటి ముందే ర్యాంపా! ఇంతమంది తన గెలుపు కోరుతుంటే తాను ఒంటరివాణ్ణనుకుని పెరట్లో దాక్కుని ఫోన్లు చేశాడు. వంగి, ఒక కన్ను మూసి, వాలు చూశాడు.

"బాగుంది గానీ, కొస కాస్త పైకి లేపాలండీ."

"పైకా? ఎందుకండీ?"

"లేకపోతే బండి గాల్లోకెలా లేస్తుంది?"

వడ్రంగి చేతిలో సుత్తి ఆగిపోయింది. ముందుగది కిటికీలోంచి చూస్తున్న అత్తగారి వైపు జాలిగా చూశాడు.

"గాల్లోకా అల్లుడుగారూ?" అంది ఆవిడ.

"నాలుగు చక్రాలూ లేవాలి అత్తయ్యా. అవతల పడ్డాక పల్టీ కొట్టకపోతే అదీ గట్టి బండంటే. మీరేం కంగారుపడకండి, రిమోట్ నా చేతిలోనే ఉంటుంది."

"మీ చేతిలోనా? మరి... మధ్యలో దిగాలంటే?"

"దిగదు. ఛార్జింగ్ నిండా పెడతాగా."

అత్తగారు కిటికీ రెక్క మెల్లగా వేసేసింది. కూతురితో చెబితే, "ఇప్పుడు కొత్తరకాలొచ్చాయేమోలే అమ్మా, ఆయనకి తెలీదా" అంది. అల్లుడు ముచ్చటపడి కొంటున్నప్పుడు వంక పెట్టడం పెద్దావిడకీ ఇష్టం లేదు. బాగా ఆలోచించి, "పోతే పోయాను, పార్కు చూసే పోతాను. స్కూటరు హెల్మెట్ ఎక్కడుందే?" అని అడిగింది.

కూతురు ఆ ఉత్సాహంలోనే తమ్ముడికి ఫోన్ చేసింది. "మీ బావ అమ్మకి బండి కొంటున్నాడు. కొడుకువి, నువ్వేం చేశావురా?" అని ముగించింది. శనివారం నాడు బావమరిది కళ్ళజోళ్ళ షాపుకి ఫోన్ చేశాడు.

"బండి కొంటున్నావట కదా బావా."

"కొంటున్నా. రేపు నీ సంగతి తేలుస్తా."

"నిజం చెప్పనా బావా? నాకు సిగ్గుగా ఉంది."

"ఉండాలి మరి. ఆ రుమాలు రోజే ఉండాల్సింది."

"రుమాలేంటి?" అన్నాడు బావమరిది. అప్పటికే ఈయన దర్జాగా ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం పొద్దున పార్సిల్ వచ్చేసరికి ముందుగదిలో అందరూ ఉన్నారు. భార్య ఉంది. వడ్రంగి ఉన్నాడు. అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, నడుముకి ఒక పాత బెల్టు బిగించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. పోటీ చూడ్డానికి హెల్మెట్ ఎందుకో కళ్ళజోళ్ళాయనకి అర్థంకాలేదు గానీ, ఈమధ్య ఏదీ అర్థంకావట్లేదు కాబట్టి దీన్నీ వాటిలో కలిపేశాడు.

"పెట్టె చిన్నదిగా ఉందే" అంది భార్య.

"లోపల ముక్కలుంటాయమ్మా, మనం బిగించుకోవాలి" అన్నాడు వడ్రంగి, స్క్రూడ్రైవరు చూపిస్తూ.

పెట్టె తెరిచి, కళ్ళజోళ్ళాయన బగ్గీని పసిబిడ్డను ఎత్తినట్టు పైకెత్తాడు. అత్తగారు హెల్మెట్ అద్దం పైకెత్తి చూసింది.

"ఇది నమూనానా బాబూ?"

"నమూనా ఏంటత్తయ్యా, ఇదే బండి."

"మరి దీనిమీద నేనెక్కడ కూర్చోను?"

అప్పుడు వెలిగింది ఆయనకి. రెండో కాఫీ, ర్యాంపు, "మధ్యలో దిగాలంటే", అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. భార్య ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. కోపంగా ఉంటే భరించేవాడు. ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు.

అత్తగారు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేనే తప్పు విన్నాను బాబూ. పర్లేదు. పార్కు ఎక్కడికి పోతుందిలే."

ఆ మాటకి ఆయన తల కొట్టేసినట్టయింది. ఇన్ని నెలలుగా ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకి తాను ఒక్కనాడూ తలెత్తి జవాబు చెప్పలేదు. బండి విరుగుతుందేమోనని మాత్రం రోజూ బెంగపడ్డాడు. "అత్తయ్యా, దీన్ని ఇప్పుడే వెనక్కి పంపించేసి..." అంటూ బగ్గీని మళ్ళీ పెట్టెలో పెట్టబోయాడు.

ఇంతలో గేటు దగ్గర హారన్ మోగింది. బావమరిది చెమటలు కక్కుకుంటూ వ్యానులోంచి పెద్ద బ్యాటరీ కుర్చీ దింపుతున్నాడు.

"కొడుకు బతికుండగా అల్లుడు కొనడమేంటి అక్కా! అమ్మా, నువ్వు నా బండే ఎక్కాలి. బావ కొన్నది వెనక్కిచ్చేయమను!" అని అరుచుకుంటూ లోపలికొచ్చి, బావ చేతిలో ఉన్నది చూసి నోరు తెరిచాడు. "బావా... నీ కుర్చీ ఏది?"

"నేను కొన్నది ఇదేరా" అన్నాడు బావ నీరసంగా.

"ఇదా! నువ్వు కొంటున్నావనే కదా నేను పరిగెత్తింది!"

అత్తగారు ఈ గొడవ వినడం ఎప్పుడో మానేసింది. కూతురి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చుంది. "రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?" అని ముందుగా అడిగి, "నీ చేతి దగ్గరే మీట ఉందమ్మా" అని కొడుకు చెప్పాకే బెల్టు వదులు చేసుకుంది. ర్యాంపు మీదుగా దిగి, గేటు దాటి, వీధిలోకి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఆవిడ వెనక పరిగెత్తాల్సొచ్చింది. పార్కులో పసుపు పూల చెట్టు పూసే ఉంది. దాన్ని ఆవిడ తనివితీరా చూసి, ముక్కు చీదుకుని, "ఇప్పుడు మీ ఆటేదో చూపించండి" అంది.

పోటీ మొదలైంది. ఆఖరి చుట్టులో బావా బావమరుదుల బగ్గీలు రెండూ పక్కపక్కనే దూసుకొస్తున్నాయి. వాటిని దగ్గర్నుంచి చూద్దామని అత్తగారు మీట కొంచెం ముందుకు నొక్కింది. కొంచెం అనుకున్నది ఆవిడ, కుర్చీ అలా అనుకోలేదు.

"అమ్మా, పక్కకి!"

"ఆపడం ఎలారా? చెప్పకుండా కొనిచ్చావేంట్రా!"

కుర్చీ ట్రాకు మీదికొచ్చి, రెండు బగ్గీల మీదుగా ఎక్కి దిగి, ముగింపు గీత దాటి, గడ్డిలో ఆగింది. బావమరిది బండి తునాతునకలైంది. కళ్ళజోళ్ళాయన బండి బురదలో అణిగిపోయి, ఒక్క క్షణం ఆగి, పైకి లేచి, కుంటుకుంటూ వచ్చి గీత దాటింది. ముందు చెయ్యి చెక్కుచెదరలేదు. ఆయన జేబులోంచి శుభ్రమైన చేతిరుమాలు తీసి, ముక్కలన్నీ ఓపిగ్గా ఏరి బావమరిది చేతిలో పెట్టాడు.

"ధైర్యంగా ఉండు" అన్నాడు.

గీత దాటిన వరస ప్రకారం అల్లుడికి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం తీసుకున్నావిడ ఇంటికెళ్తూ దారిలో ఒకే ఒక్క లోపం చెప్పింది: గుమ్మం ముందు ర్యాంపు కొస నిజంగానే కాస్త పైకి లేపాలట.