బొమ్మకు బట్టలేసిన హన్మాండ్లు

అన్నలారా, తమ్ములారా, ఇట్లా దగ్గరికి జరగండి! మాటలు ఆపండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి!

“సిగ్గు కూడా కంపెనీ ఆస్తే! దాన్ని కాపాడటం మన డ్యూటీ!”

జుబైల్ క్యాంపులో అడ్మిన్ ఆఫీసరు ఉదయకిరణ్ బల్లగుద్ది మరీ సెలవిచ్చాడు. ఎదురుగా పెయింటర్ హన్మాండ్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎల్లుండే అతని విమానం. మూడేళ్లు సౌదీలో ట్యాంకులకు రంగులేశాడు. ఊళ్లో కట్టిన సొంతింటికి మాత్రం, “నువ్వొచ్చే ఎయ్యాలె” అని భార్య గౌరవ్వ ఎవరినీ సున్నం కూడా కొట్టనివ్వలేదు. క్లియరెన్స్ కాగితం మీద ఉదయకిరణ్ సంతకం పడితేనే ప్రయాణం!

ఆ పొద్దునే హన్మాండ్లుకు, ఖాళీ చేసి వెళ్లిన హాలండ్ ఇంజనీరు గదిలో, బీరువా వెనక ఒక పటం దొరికింది. అద్దం వెనక నల్లగీతల బొమ్మ. ఒకామె ఒంటరిగా రాయి మీద కూర్చుంది. ఒంటి మీద నూలుపోగు లేదు!

“బరోక్ ఎచ్చింగ్ అట, పాతకాలపు అచ్చుబొమ్మ. అంటే మూడొందల ఏళ్లుగా ఇలాగే కూర్చుంది. షేమ్‌లెస్!” అన్నాడు ఉదయకిరణ్, వెనక చీటీ చదివి.

అసభ్యత ఎంతుందో తేల్చడానికి వెంటనే కమిటీ పడింది. ఉదయకిరణ్, సేఫ్టీ ఆఫీసరు జిలానీ తలుపేసుకుని రెండు గంటలు పరిశీలించారు. చాయ్ లోపలికే తెప్పించుకున్నారు. మధ్యలో భూతద్దం అడిగారు. బయటికొచ్చి, “అబ్బే, చూడలేకపోయాం!” అన్నారు.

“సాయంత్రంలోగా బట్టలేసెయ్. లేకపోతే నో క్లియరెన్స్!” అని ఉదయకిరణ్ హన్మాండ్లుకు హుకుం వేశాడు.

హన్మాండ్లు దగ్గరున్నది నారింజరంగు ఒక్కటే. బొమ్మ చెడకుండా అద్దం మీదే, సైటు పనోళ్లు మెడ నుంచి కాళ్లదాకా తొడిగే కవరాల్ వేశాడు. హెల్మెట్ పెట్టాడు. బూట్లు తొడిగాడు.

జిలానీ చూసి అదిరిపడ్డాడు. “ఏమప్పా, గ్లౌజులు యాడ? ఒంటిగా పనిజేస్తాండాది, తోడుమనిషి యాడ? పర్మిట్ యాడుంది?”

“ఐడీ కార్డు కూడా లేదు! క్లియరెన్స్ హోల్డ్!” అన్నాడు ఉదయకిరణ్.

“సార్, బట్టల్లేనప్పుడు ఒక్కటే తప్పుండె. ఏసినంక నాలుగైనయి!” హన్మాండ్లు నెత్తి పట్టుకున్నాడు.

అంతలో దమ్మామ్ నుంచి పెద్ద మేనేజరు ఫోను. ఆ బొమ్మ ఇంజనీరుకు అమ్మమ్మ ఇచ్చిందట, గొప్ప కళాఖండమట, తీసుకెళ్లడానికి కారు బయల్దేరి గంటయిందట!

“నేను ఫస్ట్ నుంచీ ఆర్టే అంటున్నా సార్!” ఉదయకిరణ్ ఫోన్ పెట్టేసి అరిచాడు. “హన్మాండ్లూ, అర్జెంటుగా బట్టలు తీసెయ్!”

హన్మాండ్లు రంగు తుడిచే థిన్నర్ డబ్బా కింద పెట్టాడు. “ఆడిమనిషి బట్టలు సార్. నోటిమాట మీద ఎట్ల తీస్త? రాసియ్యుండ్రి. పన్ల పని, నా కాయితం మీద గూడ సంతకం పెట్టుండ్రి.”

కారు క్యాంపు గేటు దాటి లోపలికొచ్చింది. సిగ్గును కాపాడే ఉదయకిరణ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద, “సదరు మహిళ బట్టలు తక్షణం విప్పవలెను” అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. జిలానీ సాక్షి సంతకం పెట్టాడు. అదే చేత్తో హన్మాండ్లు కాగితమూ పూర్తయింది!

హన్మాండ్లు థిన్నర్‌తో తుడవగానే అద్దం తళతళా మెరిసింది. కిటికీ దగ్గర మూగిన జనంలోంచి తోటి పనివాడు లింబాద్రి తల దూర్చాడు.

“సారూ, బట్టలు తీస్తే తీసిన్రు గని, గామెను జర నీడకు జరుపుండ్రి. గీ ఎండకు గా రాయి ఎంత కాలుతదో!”