ఇంజను గోత్రం

కృష్ణా డెల్టా సూపర్ కార్ల యజమానుల సంక్షేమ సంఘం అత్యవసర సర్వసభ్య సమావేశం ఆదివారం ఉదయం పదకొండు గంటలకు గుడివాడలోని ఓ కల్యాణ మండపం ఏసీ హాల్లో జరిగింది. సభ్యులు ఐదుగురూ హాజరయ్యారు. కార్యదర్శి రెండుసార్లు లెక్కపెట్టి కోరం సరిపోయిందని ప్రకటించారు. ఎజెండాలో ఉన్నది ఒకటే అంశం. అధ్యక్షులు గోవర్ధనరావు గారి కారులో ఉన్న ఇంజనూ, సంఘంలో సభ్యత్వానికి కూడా నోచుకోని ఓ చవక కారులో ఉన్న ఇంజనూ ఒకటేనా, ఒకటే అయితే ఏం చెయ్యాలి.

గోవర్ధనరావు గారికి నందివాడ మండలంలో రెండు వందల ఎకరాల చేపల చెరువులున్నాయి. ఆ చెరువుల్లో పెరిగిన శీలావతులూ బొచ్చెలూ ఐసు పెట్టెల్లో పడుకుని కలకత్తా వెళ్తాయి. వాటి చలవతోనే ఆయన నాలుగున్నర కోట్లు పోసి ఇటలీ నుంచి ఫాల్కోనీ అనే పసుపు రంగు కారు తెప్పించారు. అది గంటకు మూడు వందల ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తుందని కంపెనీ వారు రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. నందివాడ రోడ్డు మీద మాత్రం ఇంతవరకూ నలభై దాటలేదు. అందులో కారు తప్పేమీ లేదు. దాని పొట్ట నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. ఇంటి నుంచి గుడివాడకు పదకొండు స్పీడ్ బ్రేకర్లున్నాయి. అందుకని ప్రసాద్ అనే ఆయన ట్రాలీ ఆటోలో చెక్కపలకలు వేసుకుని కారుకు ముందు వెళ్తాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దిగి పలకలు పరుస్తాడు. కారు దాటాక వాటిని ఏరుకుని, మళ్ళీ కారును దాటి ముందుకు వెళ్తాడు. ఆ విధంగా ప్రపంచంలోని మేటి కార్లలో ఒకదాన్ని మన ఆటో రానూ పోనూ ఇరవై రెండు సార్లు ఓవర్‌టేక్ చేస్తుంది. ఈ ఘనత మన జిల్లాకు దక్కినందుకు గర్వపడాలి.

ఇంత సజావుగా సాగుతున్న జీవితంలో చిచ్చు పెట్టినవాడు బషీర్. అతనికి బందరు పరాసుపేటలో రిపేరు షెడ్డు ఉంది. దుబాయ్‌లో పద్నాలుగేళ్ళు ఇలాంటి కార్ల కింద పడుకుని వచ్చాడు కనుక డెల్టాలో ఈ కార్ల నాడి తెలిసినవాడు అతనొక్కడే. సర్వీసింగుకు వెళ్ళిన గోవర్ధనరావు గారికి అతను శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాడు.

"ఆయిల్ ఫిల్టరు కోసం ఇటలీ నుంచి ఎదురుచూడక్కర్లేదండి. జీవన్ కుమార్ గారి రూబెక్ కారుకి రెండు తెప్పించాను, ఒకటి మిగిలింది. అది వేసేశాను."

"దాని ఫిల్టరు దీనికెలా పడుతుందయ్యా?"

"ఇంజను ఒకటేగా అండి. రెండూ ఒకే కంపెనీ వాళ్ళవి. దీన్నే అందులోనూ పెట్టి అమ్ముతారు. నంబరు కూడా ఒకటే, చూపిస్తాను రండి."

గోవర్ధనరావు గారు చూడలేదు. అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయారు. జీవన్ కుమార్ బందరులో రొయ్యల మేత డీలరు. మొన్నమొన్నటిదాకా మోటారు సైకిలు మీద చెరువుల వెంట తిరిగి మేత బస్తాలకు ఆర్డర్లు పట్టుకున్నవాడు. వాడి రూబెక్ ఖరీదు ఫాల్కోనీలో మూడో వంతు కూడా ఉండదు.

ఇంటికి వచ్చి, అన్నం కలిపి కంచంలోనే వదిలేశారు. భార్య ఉమాదేవి గారు కారణం అడిగి, అంతా విన్నారు.

"అయితే మన ఇంజను మంచిది కాదా?"

"మంచిదే."

"మరి బాధేంటండీ?"

"వాడిదీ మంచిదే. అదీ బాధ."

ఉమాదేవి గారు ఇంకో గరిటె పప్పు వడ్డించి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకు కార్ల గురించి అవగాహన తక్కువ.

ఆ వారంలోనే జీవన్ కుమార్ సంఘంలో సభ్యత్వం కోరుతూ దరఖాస్తు పెట్టాడు. దానికి బషీర్ షెడ్డులో తీసిన రెండు ఇంజన్ల నంబర్ల ఫోటోలు జతచేశాడు. అత్యవసర సమావేశం అందుకే.

సమావేశంలో గోవర్ధనరావు గారు చేసిన అధ్యక్షోపన్యాసం డెల్టా మోటారు చరిత్రలో నిలిచిపోతుంది. "సోదరులారా, ఇంజను ఒకటే కావచ్చు. నేను కాదనను. కానీ ఒక శీలావతి పిల్లను నా చెరువులో వదిలితే కలకత్తా వెళ్తుంది. అదే పిల్లను పక్క చెరువులో వదిలితే గుడివాడ సంతలోనే అమ్ముడైపోతుంది. ఎందుకని? నీటి సంస్కారం. ఇంజను ఏ కారులో పుట్టిందన్నది ముఖ్యం" అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ పక్క చెరువు కూడా ఆయనదేనని తెలిసినవాళ్ళు మర్యాదకు ఊరుకున్నారు.

చర్చ భోజనాల దాకా సాగింది. ఒకాయన రెండు కార్లనూ పక్కపక్కన పెట్టి శబ్దం విందామన్నారు. పక్కపక్కన పెడితేనే సమానమని ఒప్పుకున్నట్టు అవుతుందని మరొకాయన అడ్డుపడ్డారు. చివరికి ఫాల్కోనీలో ఉన్నదాన్ని ఇకమీదట ఇంజను అనకూడదనీ, హృదయం అనాలనీ తీర్మానించారు. హృదయం ఉన్న కారుకీ ఇంజను ఉన్న కారుకీ పోలిక లేదు కనుక, సాంకేతిక కారణాలతో జీవన్ కుమార్ దరఖాస్తు తిరస్కరించారు.

ఈ విజయానికి మొక్కు చెల్లించడానికి సంఘం వారు తరువాతి ఆదివారం ఐదు కార్లతో మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి బయలుదేరారు. ముందు రెండు రోజులూ తుపాను వాన కురిసింది. బందరు దాటాక ఓ పల్లంలో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ప్రసాద్ ఆటో ఆ నీళ్ళలోంచి నింపాదిగా అవతలికి చేరింది. ఆటో వెళ్ళిన చోటికి ఫాల్కోనీ వెళ్ళలేదా అన్న పౌరుషంతో గోవర్ధనరావు గారు ముందుకు పోనిచ్చారు. సరిగ్గా మధ్యలో హృదయం ఆగిపోయింది. మిగతా నలుగురూ వెనక్కి తిరిగి గుడివాడ వెళ్ళిపోయారు. వడ్ల ట్రాక్టరు ఒకటి తాడు కట్టి ఫాల్కోనీని బందరు దాకా లాక్కొచ్చింది. ట్రాక్టరు ఆయన దారంతా వెనక్కి తిరిగి చూస్తూ, "ఏ కారండీ ఇది? బాగుంది" అని ఎంతో మర్యాదగా అడుగుతూనే ఉన్నాడు.

"నీళ్ళు తాగేసిందండి. లోపల రాడ్లు వంగిపోయాయి. సామాను రావడానికే మూడు నెలలు పడుతుంది" అన్నాడు బషీర్.

గోవర్ధనరావు గారికి ఉన్న గడువు ఇరవై రోజులే. మంగినపూడి సముద్రం ఒడ్డున జరిగే ఉత్సవాలకు ముఖ్య అతిథిని ఆయన ఫాల్కోనీలోనే ఊరేగిస్తారని ఆహ్వాన పత్రికల్లో బొమ్మతో సహా అచ్చువేశారు. కారు కదలకపోతే అతిథి ఉపాధ్యక్షుడి కారెక్కుతారు. ఆ వెంటనే అధ్యక్ష పదవీ ఆ కారే ఎక్కుతుంది. ఆయన రెండు రోజులు చెరువు గట్ల మీదికి కూడా వెళ్ళలేదు. చెరువుల్లో ఆక్సిజన్ తగ్గిందని ఫోనొస్తే, నాకూ తగ్గిందని చెప్పి పెట్టేశారు.

మూడో రోజు మొవ్వ దగ్గర జీవన్ కుమార్ తన రూబెక్‌తో ఆగి ఉన్న వడ్ల ట్రాక్టరును గుద్దాడు. మనిషికి గీత కూడా పడలేదు. కారు ముందు భాగం అప్పడమైంది. ఈ కార్లకు ఇంజను సీట్ల వెనక ఉంటుంది కాబట్టి దానికి ఏం జరిగిందో తెలియను కూడా తెలియలేదు. బషీర్ ఫోన్ చేశాడు.

"రావు గారండీ, ఒక కారుకి ఒళ్ళు లేదు, ఒక కారుకి ఇంజను లేదు. మీరు ఊ అంటే ఆ ఇంజను తీసి మీ దానికి పెట్టేస్తాను. వారంలో నడుస్తుంది. మీ ఇంజను నెమ్మదిగా బాగుచేసి ఆయనకిస్తాను."

గోవర్ధనరావు గారు ఆలోచించి చెబుతానన్నారు. ఆ సాయంత్రం జీవన్ కుమారే ఇంటికొచ్చాడు.

"బావగారూ, ఇంజను తీసుకోండి. నేను ఎక్కడా నోరు విప్పను. నా దరఖాస్తు సంగతి మాత్రం మరోసారి చూడండి."

మొట్టమొదటిసారి తనను బావగారూ అన్నందుకు గోవర్ధనరావు గారికి ఒళ్ళు మండింది. కుర్చీ చూపించారు.

ఇక మిగిలింది ఇంజను పుట్టుక సమస్య. దానికి పురోహితుడు గారు చక్కటి మార్గం చెప్పారు. వేరే ఇంట పుట్టినవాణ్ణి దత్తత చేసుకుంటే పెంచుకున్నవారి గోత్రమే వస్తుంది, ఇంజనుకైనా అంతే అన్నారు. మంచి ముహూర్తం చూసి, బషీర్ షెడ్డులోనే, ఎవరికీ తెలియకుండా దత్తత జరిగింది. పీటల మీద గోవర్ధనరావు గారూ ఉమాదేవి గారూ కూర్చున్నారు. పసుపు నీళ్ళు చల్లిన ఇంజను గొలుసులకు వేలాడుతూ వాళ్ళ మధ్యకు దిగింది.

"ఒళ్ళో పెట్టుకోమంటారా ఏంటి?" అని ఉమాదేవి గారు మెల్లగా అడిగారు.

"ముట్టుకుంటే చాలమ్మా" అన్నారు పురోహితుడు గారు.

ఉత్సవాల రోజున ఫాల్కోనీ గర్జిస్తూ మంగినపూడి ఇసుక దాకా వెళ్ళింది. జనం ఫోన్లు పైకెత్తారు. సంఘ సభ్యులు కళ్ళు మూసుకుని విన్నారు. "చూశారా, పుట్టుక ఎక్కడికి పోతుంది" అన్నారు ఉపాధ్యక్షులు. గోవర్ధనరావు గారు మొదట కొంచెం ఉలిక్కిపడ్డారు. తరువాత ఆయనకూ ఆ శబ్దంలో ఏదో వంశ గాంభీర్యం వినిపించసాగింది. మూడు నెలలకు, బాగుపడిన పాత ఇంజనుతో జీవన్ కుమార్ రూబెక్ రోడ్డెక్కినప్పుడు, "నడుస్తోంది గాని కాస్త నాటుగా లేదూ శబ్దం?" అని భార్యతో మనస్ఫూర్తిగా అన్నారు. నాలుగున్నర కోట్లతో తాను కొన్న ఇంజను అదేనన్న సంగతి ఆయనకు నిజంగానే గుర్తు లేదు.

జీవన్ కుమార్‌ను మానవతా దృక్పథంతో సభ్యుడిగా చేర్చుకున్నారు. అతను హాజరైన తొలి సమావేశంలోనే బందరు డాక్టరు యశస్విని గారి దరఖాస్తు వచ్చింది. ఆవిడది అదే కంపెనీ వారు ఇంకా చవగ్గా అమ్మే నాలుగు తలుపుల కారు. ఇంజను అదే. జీవన్ కుమార్ లేచి, "మనకంటూ ఒక స్థాయి ఉండాలి కదండీ. నేను చేరాక తలుపు మూసెయ్యకపోతే నేను చేరి ప్రయోజనమేంటి?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోని న్యాయం అందరికీ నచ్చింది. దరఖాస్తు ఏకగ్రీవంగా తిరస్కరించారు.

సంఘం ప్రతిష్ఠను కాపాడినందుకు బషీర్‌ను సన్మానించాలని గోవర్ధనరావు గారికి అనిపించింది. ఏం కాపాడాడో చెప్పడానికి వీల్లేదు కనుక ఉత్తమ మెకానిక్ అని ఫలకం మీద చెక్కించారు. సభ్యులందరినీ ఇంటికి పిలిచి, హాల్లో సోఫాలు వేయించి, శాలువా కప్పి, "కులమేంటి, మతమేంటి, మనుషులంతా ఒకటే. బషీర్ మా ఇంట్లో మనిషి" అని ఉపన్యసించారు. చెబుతూ ఆయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. బషీర్ తలవంచుకుని దణ్ణం పెట్టాడు.

తరువాత ఉమాదేవి గారు కాఫీ పంపించారు. ట్రేలో పింగాణీ కప్పులు ఆరు, స్టీలు గ్లాసు ఒకటి. కాఫీ అంతా ఒకే గిన్నెలో కాచింది, ఒకే జల్లెడతో వడపోసింది. ట్రే తన ముందుకు రాగానే బషీర్ కప్పుల వంక చూడకుండా గ్లాసు అందుకున్నాడు. తాగి, శాలువా జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, పెరట్లోకి వెళ్ళి పంపు కింద కడిగి గోడ మీద బోర్లించి వచ్చాడు. దాని చోటు అదని అతనికి ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో అలాంటి గ్లాసు ఎక్కడ ఉంటుందో మాకూ ఎవరూ చెప్పనక్కర్లేదు.